నార్వే భూతం, థాయ్ నెత్తళ్లు

మొదటి రోజు: బ్యాంకాక్

బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్లు చెప్పే కబుర్లలో తిమింగలం ఎక్కడా ఉండదు. పట్టాయా, మాల్స్, మసాజులు, పడవల మీద బజారు, అంతటితో సరి. ఆ మహానగరం దాటి రెండు గంటలు కారులో పోతే తిమింగలాలు నోరు తెరుచుకుని నీళ్లలో నిలువుగా నిలబడతాయని చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నమ్మకుండానే నాతో బయల్దేరినవాడు మా మేనమామ. కాకినాడలో మత్స్యశాఖ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. విమానంలోనే మొదలుపెట్టాడు.

"నోరు తెరిస్తే చేపలే వచ్చి పడతాయా? అలాగైతే మనవాళ్లకి వలలెందుకురా?"

నిజానికి నన్ను ఇంత దూరం లాక్కొచ్చింది తిమింగలం కాదు, భూతం. 13వ శతాబ్దంలో నార్వేలో ‘రాజదర్పణం’ అని ఒక గ్రంథం రాశారు. తండ్రి చెబుతుంటే కొడుకు వినే పద్ధతిలో సాగుతుంది. ఐస్‌లాండ్ సముద్రంలో ఉండే తిమింగలాలను ఒక్కొక్కటే వర్ణించుకుంటూ వచ్చిన తండ్రి, చివర్లో ఒకదాని దగ్గర తటపటాయిస్తాడు. దాని పరిమాణం చెబితే ఎవరూ నమ్మరని ఆయన సందేహం. దాని పేరు హాఫ్‌గుఫా. ఆకలేసినప్పుడు తిన్నదాంట్లో కొంత బయటికి కక్కుతుంది. దానికి ఆశపడి చిన్నా పెద్దా చేపలన్నీ గుంపులుగా చేరతాయి. అది మాత్రం కదలకుండా నోరు తెరుచుకునే ఉంటుంది. ఆ నోరు ఒక సముద్రపు పాయంత వెడల్పు. చేపలు తమంతట తామే లోపలికి పోయాక మూసేస్తుంది. 

శతాబ్దాలు గడిచేకొద్దీ ఇదే హాఫ్‌గుఫా ఓడలను మింగే భూతమైంది, 18వ శతాబ్దానికి క్రాకెన్ అనే మరో నార్వే సముద్ర భూతంతో కలిసిపోయింది. 2023లో ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మెకార్తీ తన సహచరులతో కలిసి ఒక పరిశోధన పత్రం వేశాడు. ఆయన సముద్ర పురావస్తు శాస్త్రవేత్త. పాత నార్స్ గ్రంథాలు చదువుతుంటే హాఫ్‌గుఫా తిండి తినే తీరు ఎక్కడో చూసినట్టు అనిపించిందట. ఆ చూసినది ఇక్కడి తిమింగలాల వీడియోల్లోనే. ఆ వ్యాసం చదివిన రోజే నేను ఈ ప్రయాణం ఖాయం చేసుకున్నాను.

తిమింగలానికి ఇంకా టైముంది కాబట్టి మధ్యాహ్నం పచ్చ బుద్ధుడి గుడికి పోయాం. ప్రాంగణం చుట్టూ ఉన్న మండపం గోడల మీద 178 చిత్రాల్లో థాయ్ రామాయణం రామకియన్ అంతా గీసి ఉంటుంది. జనం బంగారు గోపురాల దగ్గర ఫొటోలకి ఎగబడతారు కాబట్టి గోడల దగ్గర కాస్త ఊపిరాడుతుంది. మామయ్య రావణుణ్ణీ కుంభకర్ణుణ్ణీ వదిలేసి సముద్రం గీసిన చోటల్లా ఆగాడు. వారధి కట్టే ఘట్టంలో వానరులు రాళ్లు వేస్తుంటే కింద చేపలు వాటిని ఎత్తుకుపోతుంటాయి. వాటి రాణి సువన్నమచ్చ, రావణుడి కూతురు, నడుము కింద బంగారు చేప. హనుమంతుడు అడ్డుకోబోయి ప్రేమలో పడతాడు. వాళ్లకి పుట్టిన కొడుకు మచ్చాను.

"మన మైరావణ కథలో మత్స్యవల్లభుడే కదరా వీడు!" అన్నాడు మామయ్య. అవును, వాడే. మన దగ్గర హనుమంతుడి చెమట చుక్క మింగిన చేపకి పుట్టాడు, ఇక్కడ ఏకంగా ప్రేమకథ నడిచింది. థాయ్ కథలో లంకకి పోయే దారిలో కాపలా ఉన్న సముద్రపు రాక్షసి కూడా ఉంది. హనుమంతుడు దాని నోట్లోంచి దూరి పొట్ట చీల్చుకుని వస్తాడు. మనకి సుందరకాండలో సురస, సింహిక ఇద్దరూ నోరు తెరిచినవాళ్లే. సురస అయితే హనుమంతుడు పెరిగేకొద్దీ తన నోరూ పెంచుకుంటూ నూరు యోజనాల దాకా పోతుంది.

సముద్రంలో తెరుచుకున్న నోరు అనేసరికి వీళ్లందర్నీ తిమింగలాల్లో కలిపేయాలని నాకూ చెయ్యి దురద పెట్టింది. కానీ సురస మాట్లాడుతుంది, వరం సంగతి చెబుతుంది, పరీక్ష అయ్యాక ఆశీర్వదించి పంపుతుంది. అక్కడ జంతువు చేసే పని ఒక్కటీ లేదు. హాఫ్‌గుఫా కథ తీరే వేరు. అది మాట్లాడదు, శపించదు. తింటుంది, అంతే. ఎలా తింటుందో కూడా వరసగా రాసి ఉంది.

రెండో రోజు: మహాచాయ్ మీదుగా బాన్ లేమ్

పొద్దున్నే వోంగ్వియన్ యాయ్ స్టేషన్‌లో మహాచాయ్ రైలెక్కాం. గంట ప్రయాణం, ఇళ్ల పెరట్లను రాసుకుంటూ పోతుంది. మహాచాయ్ స్టేషన్ దిగితే నేరుగా చేపల బజార్లోనే కాలు పెడతాం. ఆవిరి మీద ఉడికించి, మెడలు వంచి చిన్న బుట్టల్లో పేర్చిన కానాగంతలు, రొయ్యలు, ఆల్చిప్పలు, ఎండు చేపల గుట్టలు. ఒక దుకాణం ముందు మామయ్య ఆగిపోయి గుప్పెడు ఎండు చేపలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నెత్తళ్లు! ఇంత సన్నవి మనవైపు అన్నిసార్లూ దొరకవు."

ఆ నెత్తళ్లే మా యాత్రకి అసలు దారి చూపించేవి. థాయ్ సింధుశాఖ పైభాగంలో తిరిగే బ్రైడ్ తిమింగలాలకి ఇష్టమైన తిండి అదే. చావో ఫ్రాయా, తా చిన్, మే క్లోంగ్, బాంగ్ పకోంగ్ అనే నాలుగు నదులు ఈ మూలలోనే సముద్రంలో కలుస్తాయి. అవి తెచ్చే బురద, ఎరువుల నీళ్లు, నగరాల మురుగు అన్నీ ఇక్కడే దిగుతాయి. ఈ ప్రాంతంలో సముద్రం సగటు లోతు 15 మీటర్లకి మించదు. తిమింగలం పొడవేమో పన్నెండు మీటర్ల పైమాటే. తోక మీద నిలబడితే తల దాదాపు పైకి తగిలేంత నీళ్లలో అది బతుకుతోందన్నమాట.

మహాచాయ్ నుంచి కారు మాట్లాడుకుని పెట్చబురి జిల్లా బాన్ లేమ్‌కి బయల్దేరాం. దారి పొడవునా ఉప్పు మడులు. వానలు తగ్గుముఖం పట్టాయి కాబట్టి మడుల నేల చదును చేసే పనిలో ఉన్నారు. నౌపడ మడుల దగ్గర పనిచేసిన రోజులు చెప్పుకుంటూ మామయ్య సగం దారి గడిపేశాడు. ఇక్కడ గాలిమరలతో నీళ్లు తోడతారు. చాలా మరలు తుప్పు పట్టి, పక్కనే మోటార్లు వచ్చేశాయి.

సాయంత్రం బాంగ్ తబున్ దగ్గర నది ఒడ్డున బస. మడచెట్ల మధ్య చెక్క ఇళ్లు, కింద పోటుకి నీళ్లు చేరతాయి, పాటుకి బురద తేలుతుంది, బురదలో మట్టగిడసలంతేసి ఎగిరే చేపలు. రేపటి పడవ సరంగుతో ఇంటి యజమాని ఫోన్‌లో మాట్లాడి పెట్టాడు. ఈ మధ్య సముద్రం మీద కొంగల్లాంటి పక్షులు చాలా కనిపిస్తున్నాయని సరంగు చెప్పాడట.

"పక్షులుంటే చేపలున్నట్టే," అన్నాడు మామయ్య. "మన వేటగాళ్లూ అంతే. మిషన్లొచ్చి ఇన్నేళ్లయినా ముందు ఆకాశం చూస్తారు."

రాత్రి భోజనాలయ్యాక క్రాకెన్ సంగతి చెప్పాను. 1750ల్లో నార్వేలోని బెర్గెన్ బిషప్ ఎరిక్ పొంటొప్పిడాన్ ఆ దేశపు ప్రకృతి చరిత్ర రాస్తూ జాలర్లు చెప్పిన మాటలు రాసుకున్నాడు. వాళ్లు ఎండాకాలంలో బాగా లోపలికి పోయి, ఎనభై వంద బారల లోతు ఉండాల్సిన చోట గుండు వేసి చూస్తే ఇరవై ముప్పై బారలకే తగిలేదట. అప్పుడు కింద క్రాకెన్ ఉందని తెలిసేది. భయపడి పారిపోయేవాళ్లా? కాదు. గాలాలు దించేవాళ్లు. ఎందుకంటే దాని పైన చేపలు విపరీతంగా దొరికేవి. క్రాకెన్ వదిలే మురికికి నీళ్లు చిక్కబడి, ఆ వాసనకి చేపలు చేరతాయని కూడా వాళ్లు చెప్పారు. లోతు తగ్గుతూ వస్తే మాత్రం అది పైకి లేస్తోందని పడవ తిప్పేసేవాళ్లు.

మామయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది భూతం కథ కాదురా. చేపలెక్కడ పడతాయో చెబుతున్నారు. ఆఫీసులో కూర్చుని రాసుకున్నవాడు దాన్ని భూతం చేశాడు," అన్నాడు. ముప్పై ఏళ్ల పైన జాలర్ల మాటలు రిపోర్టులుగా రాసిన మనిషి. ఆ మాట తేలిగ్గా తీసేయలేను.

మూడో రోజు: సముద్రం మీద

తెల్లారకముందే పడవెక్కించారు. చెక్క పడవ, పైన రేకుల కప్పు, వెనక వంటకి చిన్న పొయ్యి. మాతో పాటు థాయ్ కుటుంబం ఒకటి, పెద్ద లెన్సుల కెమెరాలతో ఇద్దరు కుర్రాళ్లు. నదీ ముఖం దాటగానే ఆల్చిప్పల పెంపకానికి పాతిన వెదురు గడల వరసలు. వాటి చివర్న జాలర్ల కాపలా గుడిసెలు నీళ్ల మధ్య ఒంటికాళ్ల మీద నిలబడి ఉన్నాయి. ఆ తర్వాత ఏమీ లేదు. ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన నీళ్లు, ఎండ.

పదింటి దాకా ఒక్క తోక కనిపించలేదు. ఒకచోట వీపులు మాత్రం కనిపించాయి. నల్లగా, గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటి మూడు, మళ్లీ మూడు. థాయ్ పిల్లాడు కేక పెట్టాడు. డాల్ఫిన్లు. వరసగా ఈదుతూ ఒక్కొక్కటే ఊపిరి కోసం లేచి మునుగుతుంటే, దూరం నుంచి చూసేవాడికి ఒకటే పొడుగాటి శరీరం మెలికలు తిరుగుతున్నట్టే ఉంటుంది. సముద్ర సర్పాల కథల్లో వచ్చే ఆ మూపుల వరసకి ఇదొక కారణమని చాలామంది చెబుతారు. కళ్లతో చూశాక నాకు అనుమానం పోయింది.

పదకొండు దాటాక సరంగు ఇంజన్ చప్పుడు తగ్గించి చెయ్యి చాపాడు. చాలా దూరంలో తెల్లటి పక్షులు ఒకచోట సుడి తిరుగుతున్నాయి. గోధుమ తల సముద్రపు కాకులు, వాటి మధ్య సన్నటి రెక్కల టెర్న్‌లు. దగ్గరికి పోయేకొద్దీ వాటి గోల. కొంత దూరంలోనే ఇంజన్ పూర్తిగా ఆపేశాడు. ఇంకా దగ్గరికి పోవడానికి వీల్లేదు, వాటిని తరమకూడదు, దారికి అడ్డం పోకూడదు అని మాకు ముందే సైగలతో చెప్పాడు.

అప్పుడు నీళ్లు కొద్దిగా ఉబ్బి, నల్లటి మొన ఒకటి పైకి లేచింది. దూకలేదు. ఎగరలేదు. తీరిగ్గా, నిటారుగా లేచి, మనిషి ఎత్తు దాటాక ఆగింది. తర్వాత కింది దవడ దానంతటది కిందికి జారి నీటి మట్టానికి ఆనుకుంది. తిమింగలం నోరు తెరిచి నిలబడిపోయింది.

ఇంతవరకూ నేను చూసిన వీడియోలన్నీ పైనుంచి డ్రోన్లతో తీసినవి. నీటి మట్టం నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. పై దవడ ఆకాశంలోకి నిలువుగా ఉంది. దాని మీద మూడు గట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఈ జాతిని గుర్తుపట్టే ఆనవాలు అదే. లోపల అంగిలి లేత గులాబీ రంగు. దాని రెండు అంచుల్లో పళ్లకి బదులు బూడిదరంగు కుచ్చుల వరసలు. కింది దవడ అంచు నీళ్లలో మునిగీ మునగనట్టుంది, రెండు మూలల దగ్గర నీళ్లు లోపలికి పారుతున్నాయి. ఆ పారే నీళ్లతో పాటు నెత్తళ్లు. వెండి ముక్కలు చిట్లినట్టు నీటి మీద ఎగురుతూ, పక్షుల నుంచి తప్పించుకోబోయి నేరుగా ఆ నోట్లోకే. ఒక కాకి ఆ దవడ అంచు మీదుగా వంగి లోపలి చేపని ఎత్తుకుపోయింది. తిమింగలం కదల్లేదు. 

పది సెకన్లు ఉందో, ఇరవై ఉందో. తర్వాత నోరు మూసుకుని, గొంతు కింది ముడతలన్నీ విచ్చుకుని ఉబ్బగా, నిలువునా కిందికి దిగిపోయింది. చప్పుడు కూడా లేదు.

"ఒరేయ్," అన్నాడు మామయ్య. ఇంకేమీ అనలేదు.

అది మళ్లీ లేచింది. ఈసారి పక్కనే చిన్నది ఇంకోటి, పిల్ల. తల్లి చేసినట్టే తల బయట పెట్టింది కానీ పక్కకి ఒరిగిపోయి, నోరు సగం తెరిచేలోపే మునిగింది. రెండోసారీ అంతే. ఈ రకంగా తినడం ఈ గుంపులో ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. ఆ పిల్ల తంటాలు చూస్తే ఒప్పుకోబుద్ధేస్తుంది.

గాలి మావైపు తిరిగినప్పుడు వాసన కొట్టింది. నెత్తళ్లు ఆరబోసిన దిబ్బ పక్కన నిలబడితే వచ్చే వాసనే, కాకపోతే తడిది, వెచ్చనిది. థాయ్ కుటుంబంలోని పెద్దావిడ ముక్కు మూసుకుంది. నాకు మాత్రం ఆ వాసన ‘రాజదర్పణం’ కన్నా వెనక్కి తీసుకెళ్లింది. రెండో శతాబ్దం ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో గ్రీకులో రాశారని చెప్పే ‘ఫిజియోలోగస్’ అనే జంతుకథల పుస్తకంలో ఆస్పిడోకెలోన్ అని ఒక మహామత్స్యం ఉంది. ఆకలేస్తే నోరు తెరుస్తుంది, లోపల్నుంచి సువాసన వస్తుంది, చిన్న చేపలు ఆ వాసనకి వచ్చి నోట్లో పడతాయి. ఈ పుస్తకమే తిరిగి తిరిగి 1200 ప్రాంతానికి ఐస్‌లాండ్ చేరింది. సువాసనట! ఆ రాసినాయన ఏ పడవా ఎక్కలేదని నా గట్టి నమ్మకం. కానీ ఆయనకి చెప్పినవాడు, ఆ చెప్పినవాడికి చెప్పినవాడు, ఎవడో ఒకడు ఎక్కాడు. నోరు, నిలకడ, వాసన, వాటంతటవే వచ్చే చేపలు. ఈ నాలుగూ కలిపి ఊహించడం కష్టం.

మధ్యాహ్నం పడవలోనే అన్నం, పీతల కూర పెట్టారు. తింటూనే మామయ్య లెక్కలు మొదలుపెట్టాడు. మామూలుగా ఈ రకం తిమింగలాలు నోరు తెరుచుకుని చేపల గుంపు మీదకి వేగంగా దూసుకుపోతాయి. దానికి బోలెడు శక్తి ఖర్చు. ఇక్కడవి ఎందుకు మానేశాయి? 2017లో జపాన్, థాయ్ పరిశోధకులు దీని మీద రాశారు. వాళ్ల ఊహ ఇది: నదుల మురుగు వల్ల అడుగు నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. చేపలన్నీ పైపొరలోకి వచ్చేస్తాయి. పైన పలచగా పరుచుకున్న చేపల కోసం దూసుకుపోతే ఖర్చుకి తగ్గ ఫలితం ఉండదు. కాబట్టి నోరు వాకిలిగా తెరిచి పెట్టి, నీళ్లు లోపలికి పారేలా చేసుకుంటే చాలు.

"రొయ్యల చెరువులో తెల్లారుజామున రొయ్యలన్నీ పైకి తేలతాయి చూడు, అదే," అన్నాడు మామయ్య. గాలి చాలని చెరువులు ఆయన ఎన్ని చూశాడో.

పసిఫిక్‌కి అవతల, కెనడాలోని వాంకూవర్ దీవి దగ్గర హంప్‌బ్యాక్ తిమింగలాలు దాదాపు ఇదే పని చేస్తాయి. అక్కడ మొదట 2011లో గమనించారు. పక్షుల దాడికి బెదిరిన చిన్న చేపలు దాక్కోడానికి చోటు వెతుక్కుంటూ తెరిచిన నోట్లోకి పోతాయి. అంటే శాస్త్రానికి ఇది నిన్నమొన్నటి సంగతి. 13వ శతాబ్దపు తండ్రి కొడుకుకి చెప్పిన సంగతి మనవాళ్లకి 21వ శతాబ్దంలో తెలిసింది. మధ్యలో మూడు వందల ఏళ్ల తిమింగలాల వేట ఉంది. మిగిలినవి బాగా తగ్గిపోయి, ఈ మధ్యే కోలుకుంటున్నాయి. డ్రోన్లూ ఈ మధ్యే వచ్చాయి. ఏది ఎంత కారణమో విడదీయడం కష్టం.

నాలుగో రోజు: ఒడ్డునే

గాలి ముదిరిందని పడవలు తీయలేదు. పొద్దున టిఫిన్‌కి వెళ్లిన నూడుల్స్ దుకాణంలో గోడ మీద ఒక పాత ఫొటో ఫ్రేము. ఇరవై మంది దాకా అమెరికన్ సైనికులు వరసగా నిలబడి వెండి రంగు పొడుగాటి జంతువును చేతుల మీద పట్టుకున్నారు. తలపై ఎర్రటి కుచ్చు. కింద రాసింది చదివితే: 1973 జూన్ 27న లావోస్‌లో మెకాంగ్ నదిలో పట్టుబడిన నాగరాణి, పొడవు 7.80 మీటర్లు. థాయ్‌లాండ్‌లో ఈ ఫొటో హోటళ్లలో, గెస్ట్‌హౌసుల్లో ఎక్కడపడితే అక్కడ ఉంటుందని విన్నాను కానీ ఇంత నిగనిగలాడుతూ ఎదురవుతుందనుకోలేదు.

ఫొటో అసలుదే. అబద్ధమల్లా కింద రాసిన మాటలే. అది 1996లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని కొరొనాడో తీరంలో దొరికిన ఓర్‌ఫిష్. పట్టుకున్నవాళ్లు అక్కడ శిక్షణలో ఉన్న నౌకాదళం మనుషులు. ఓర్‌ఫిష్ లోతు నీళ్ల చేప. రిబ్బను ఒళ్లు, తల మీద ఎర్రటి ముళ్ల కుచ్చు. శరీరాన్ని నిలువుగా ఉంచి, వీపు రెక్కను మాత్రం అలలు అలలుగా ఆడిస్తూ ఈదుతుంది. ఆరోగ్యంగా ఉన్నంతకాలం పైకి రాదు. చావుబతుకుల్లో ఉన్నదే మనిషి కంట పడుతుంది. కాబట్టి చూసినవాడికి అదొక్కసారే కనిపిస్తుంది, మళ్లీ చూసి సరిచూసుకునే వీలుండదు. సర్పం కథ పుట్టడానికి అంతకన్నా అనుకూలం ఏముంటుంది?

దుకాణం ఆవిడకి మాత్రం అది నాగే. మేం వాదించలేదు. మెకాంగ్ నాగుల మీద వాళ్లకున్న భక్తి ఈ ఫొటోతో మొదలైందీ కాదు, ఈ ఫొటో పోతే పోయేదీ కాదు.

రోజంతా ఖాళీ కాబట్టి మిగతా భూతాలను కూడా మామయ్య ముందు పెట్టాను. 1848 ఆగస్టు 6న బ్రిటిష్ యుద్ధనౌక డీడలస్ గుడ్ హోప్ అగ్రానికీ సెయింట్ హెలెనాకీ మధ్య పోతుంటే, కెప్టెన్ మెక్‌హేతో సహా అధికారులు ఒక సర్పాన్ని చూశామని నౌకాదళానికే రాతపూర్వకంగా చెప్పారు. ఇరవై నిమిషాల పాటు తల నీటికి నాలుగడుగుల ఎత్తున, వంపు లేకుండా, నేరుగా పోయిందట. ఈ మధ్య గ్యారీ గాల్బ్రెత్ అనే జీవశాస్త్రవేత్త ఆ అధికారుల బొమ్మలూ మాటలూ పోల్చి చూసి, అది నీటి పైపొరలో నోరు పెట్టి మేస్తూ పోయే సేయ్ తిమింగలమని తేల్చాడు. నాకు ఇది నచ్చుతుంది. తల పైన ఉంచుకుని, దారి తప్పకుండా, అంతసేపు ఎందుకు పోయిందో చెప్పగలుగుతుంది కాబట్టి.

హాన్స్ ఎగెడె సంగతి చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాను. ఆయన గ్రీన్‌లాండ్‌లో మతప్రచారం చేసిన నార్వే పాస్టర్. 1734 జూలైలో ఓడ తెరచాప కొయ్య ఎత్తున తల లేపిన జంతువును చూశానన్నాడు. పొడుగు మూతి, వెడల్పు రెక్కలు, తిమింగలంలాగే ఊపిరి ఊదడం, ఒళ్లు వెనక్కి వాల్చి పడితే చాలా దూరాన పాము తోక లేవడం. 2005లో చార్ల్స్ ప్యాక్స్టన్, మరో ఇద్దరు కలిసి అన్నదేమిటంటే, జంతువు తిమింగలమే, అది జోడు కట్టే కాలం, ఆ ‘తోక’ తోక కాదు. మగ తిమింగలం అంగం.

మామయ్య టీ గ్లాసు కింద పెట్టి నవ్విన నవ్వుకి నూడుల్స్ ఆవిడ లోపల్నుంచి తొంగి చూసింది. "పాస్టరు గారు పాపం," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "చూసింది చూసినట్టే రాశాడు కదా!"

చూసింది చూసినట్టే. అసలు తేడా అక్కడే ఉందనిపిస్తుంది నాకు. ఎగెడె, డీడలస్ అధికారులు, ‘రాజదర్పణం’ తండ్రి, పొంటొప్పిడాన్‌కి చెప్పిన జాలర్లు, వీళ్లెవరూ గాల్లో కథలు అల్లలేదు. జంతువు ఏం చేసిందో చెప్పారు. పేరు పెట్టడంలో, కొలతల్లో తప్పు పోయారేమో కానీ చేష్టలో తప్పు పోలేదు. చేష్టను వదిలేసి పరిమాణం మాత్రం పట్టుకుని పెంచుకుంటూ పోయినవాళ్లు ఒడ్డున ఉన్నవాళ్లు. దీనికి తిరుగులేని ఉదాహరణ జెయింట్ స్క్విడ్. క్రాకెన్ అంటే అదేనని ఇప్పుడు అందరూ చెప్పేస్తారు. డెన్మార్క్ శాస్త్రవేత్త స్టీన్‌స్ట్రుప్ 1857లో దానికి శాస్త్రీయ నామం పెట్టాక అదే స్థిరపడింది. కానీ పొంటొప్పిడాన్ జాలర్లు చెప్పిన లక్షణాలు, నీళ్లు చిక్కబడడం, వాసన, పైన చేపల గుంపు, ఇవేవీ స్క్విడ్‌కి అతకవు. హాఫ్‌గుఫాకి అతుకుతాయి. పది చేతులు ఉన్నాయి కదా అని బొమ్మలో ఓడకి చుట్టేశారు, అది బాగుంది, నిలిచిపోయింది.

అయితే మెకార్తీ వాళ్లది కూడా రుజువు కాదు, పోలిక. ఉత్తర అట్లాంటిక్‌లో ఏ తిమింగలమూ ఇక్కడివాటిలా నోరు తెరిచి నిలబడుతున్నట్టు ఎవరూ వీడియో తెచ్చి చూపలేదు. సముద్రంలో రెండే హాఫ్‌గుఫాలు ఉంటాయని, అవి పిల్లలు పెట్టవని కూడా ఆ తండ్రే చెప్పాడు. నిన్న మేం పిల్లని కళ్లారా చూశాం.

ఐదో రోజు: తిరుగు దారి

తిరిగి బ్యాంకాక్ వచ్చే దారిలో సముత్ సాఖోన్ జిల్లా బాన్ ఫేవ్ ప్రాంతం తగులుతుంది. కొబ్బరి తోటలు, కాలవలు, కోనసీమని తలపించే పల్లెలు. 2020 నవంబరులో ఇక్కడే, సముద్రం నుంచి పన్నెండు కిలోమీటర్ల లోపల, మట్టిలో తిమింగలం అస్థిపంజరం దొరికింది. పన్నెండున్నర మీటర్ల పొడవు, దాదాపు చెక్కుచెదరలేదు. మూడు వేల ఏళ్ల పైచిలుకు నాటిది. అప్పట్లో ఈ కొబ్బరి తోటల చోట సముద్రం ఉండేది. అది కూడా ఇదే జాతి, బ్రైడ్ తిమింగలం. ఎముకలను అప్పుడే పరిశోధనకి తరలించేశారు కాబట్టి మాకు చూడ్డానికేం మిగల్లేదు. డ్రైవర్ కారు నెమ్మది చేసి అటువైపు చెయ్యి చూపించాడు.

దాని పేరులో ఉన్న బ్రైడ్ ఎవరో కాదు, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో తిమింగలాల వేట కేంద్రం పెట్టిన యోహాన్ బ్రైడ్. నార్వే మనిషి! 1913లో ఆ పేరు పెట్టారు. హాఫ్‌గుఫా కథ రాసిన దేశపు మనిషి పేరే థాయ్ నీళ్లలో నోరు తెరిచి నిలబడే తిమింగలానికి అతుక్కుని ఉంది. థాయ్‌లాండ్‌లో ఇక్కడివాటికి ఇంకా ముచ్చటైన పేర్లున్నాయి. సముద్ర వనరుల శాఖవాళ్లు వీపు రెక్క మీది గాట్లను బట్టి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి, తల్లులకి మే కన్యా, మే సాఖోన్ అని పేర్లు పెట్టుకున్నారు. మొత్తం కలిపి యాభై దాకా ఉంటాయని అంచనా.

శాస్త్రవేత్తల్లో కొందరు ఇక్కడి చిన్న రకాన్ని ఈడెన్ తిమింగలమని వేరు చేస్తారు. 1871లో బర్మాలో మర్తబాన్ సింధుశాఖ ఒడ్డున చిక్కుకుపోయిన ఒక తిమింగలాన్ని బట్టి జాన్ ఆండర్సన్ ఆ జాతిని వర్ణించాడు. ఆయన కలకత్తా ఇండియన్ మ్యూజియం క్యూరేటర్. ఆ ఎముకలు చేరింది కూడా ఆ మ్యూజియానికే.

ఈ మాట మామయ్యకి విమానాశ్రయంలో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. బోర్డింగ్ పిలిచేలోపే ఫోన్ తీసి సామర్లకోట నుంచి హౌరాకి ఏ రైలులో బెర్తులున్నాయో చూడడం మొదలుపెట్టాడు. "పైబెర్తు నీది," అన్నాడు. "మోకాళ్లతో నేనెక్కలేను."